లేజర్ అయ్యాకా చూపు మసకే.. ఎందుకని?

సమస్య: నాకు 54 ఏళ్లు. పదిహేనేళ్లుగా షుగర్ ఉంది. రెటీనా (కంటి లోపల వెనకవైపు చూపునిచ్చే పొర) మీద కొత్త రక్తనాళాలు పుట్టాయని రెండు కళ్లకూ మూడు విడతలుగా లేజర్ చేశారు. ఆఖరి విడత అయి నెలన్నర. కుడికన్ను మసకగానే ఉంది. రాత్రిపూట బండి నడపలేకపోతున్నా. లేజర్ వల్లే కన్ను పాడైందా?

సలహా: ఈ లేజర్ చూపు పెంచటానికి చేసేది కాదు, పోకుండా కాపాడటానికి చేసేది. ఈ మాట ముందే చెప్పకపోతే మీలాగే చాలామంది కంగారు పడతారు. రక్తం అందని రెటీనా అంచులు ఒక రసాయనాన్ని విడుదల చేస్తాయి. దాని ప్రభావంతోనే కొత్త నాళాలు పుడతాయి. అవి పెళుసు; చిట్లితే కంట్లో రక్తం నిండుతుంది. అందుకే ఆ అంచుల్ని అర మిల్లీమీటరు చుక్కలుగా కాలుస్తారు. మామూలు పద్ధతిలో ఒక్కో కంటికి 1,200 నుంచి 1,600 చుక్కలు పడతాయి. దీంతో చూపు బాగా పోయే ముప్పు సగానికి పైగా తగ్గుతుంది.

అయితే మసక వెలుతురులో చూపునిచ్చే కణాలు ఎక్కువగా ఉండేది ఆ కాల్చిన చోటే. కాబట్టి చీకటికి కళ్లు అలవాటు పడటం ఆలస్యమవుతుంది, పక్కచూపు కొంత తగ్గుతుంది. ఇది పూర్తిగా తిరిగి రాదు. రాత్రి డ్రైవింగ్ మానేయండి. పగలైనా మలుపుల్లో తల తిప్పి చూడటం అలవాటు చేసుకోండి.

కుడికంటి మసక సంగతి వేరు. లేజర్ తర్వాత రెటీనా నడిమధ్య భాగమైన మాక్యులాలో నీరు చేరొచ్చు, ముందే ఉన్న వాపు పెరగొచ్చు. తరచూ కొన్ని వారాల్లో తగ్గుతుంది. నెలన్నరైనా తగ్గలేదంటే రెటీనా పొరల్లో వాపును చూపించే ఓసీటీ స్కాన్ చేయించాల్సిందే. వాపుంటే కంట్లోకి ఇంజెక్షన్లు ఇస్తారు. ఈలోగా ఎడమకన్ను మూసి, కుడికంటితో గోడ క్యాలెండర్ గళ్లు చూడండి. గీతలు వంకరగా కనిపిస్తే మాక్యులా దెబ్బతిన్నట్టు అనుమానించాలి. నిటారుగా కనిపించినా స్కాన్ మానొద్దు. షుగర్‌కు పయోగ్లిటజోన్ వాడుతుంటే డాక్టర్‌కు చెప్పండి, ఆ మాత్ర ఒంట్లోనే కాదు, మాక్యులాలోనూ నీరు చేరేలా చేయగలదు. కళ్లజోడు మార్చటానికి తొందర పడకండి. షుగర్ ఎగుడుదిగుడులతో పవర్ కూడా మారుతుంటుంది.

ఉన్నట్టుండి నల్లచుక్కలు, సాలెగూడులాంటి పోగులు తేలుతున్నా, ఒక పక్క తెర దిగినట్టున్నా అపాయింట్‌మెంట్ కోసం ఆగకండి. అదే రోజు రెటీనా నిపుణుడికి చూపించుకోండి.