సోలార్‌లో పొద్దున్నే ఐసోలేషన్ ఫాల్ట్: ఏ స్ట్రింగో పట్టడం
మిల్లు మీది సోలార్ ఐసోలేషన్ ఫాల్ట్ (కరెంటు ఎర్త్‌కి లీకవడం) చూపించి మంచుకి ఆగి, ఎండెక్కాక నడుస్తోందంటే ఇన్వర్టర్‌ని (ప్యానెళ్ల డీసీని ఏసీగా మార్చే పెట్టెని) అనుమానించకండి. కప్పు మీద ఏ కనెక్టర్‌లోనో, ఒరిసిన కేబుల్‌లోనో తడి చేరుతోంది. పర్లాకిమిడి చలికాలపు మంచు చాలు దానికి. ఎలక్ట్రీషియన్ మధ్యాహ్నం వస్తే ఏం దొరుకుతుంది?

1. తడి ఆరకముందే ఏసీ, తర్వాత డీసీ ఐసోలేటర్ (లైన్ తెంచే స్విచ్) ఆపండి. క్లాంప్ మీటర్‌లో కరెంటు సున్నా అయ్యాకే, గ్లవ్స్‌తో ముట్టుకోండి.

2. ప్రతి స్ట్రింగ్‌కీ (వరసగా కలిపిన ప్యానెళ్ల గొలుసుకి) ప్లస్, మైనస్ రెండూ విప్పాలి. చాలామంది ప్లస్ ఫ్యూజు ఒక్కటే లాగి వదిలేస్తారు. మైనస్‌లన్నీ ఒకే బస్‌బార్ (వైర్లన్నీ కలిసే లోహపు పట్టీ) మీద ఉంటే ఒకదాని లీకు అన్నిట్లోనూ కనిపిస్తుంది, ఇక తేలదు.

3. 1000 వోల్టుల డీసీ మీటర్‌తో ప్లస్ నుంచి ఎర్త్‌కి, మైనస్ నుంచి ఎర్త్‌కి కొలవండి. బాగున్న స్ట్రింగ్‌లో రీడింగు సున్నా వైపు జారుతుంది, చెడ్డదాంట్లో నిలబడుతుంది.

ప్యానెల్‌కి 40 వోల్టులనుకుంటే, ప్లస్ నుంచి ఎర్త్‌కి 240 వస్తే ప్లస్ వైపు నుంచి 6, 7 ప్యానెళ్ల మధ్య వెతకండి.