చెదల మందుకు లోన్ యాప్ ఎందుకండీ?

ప్రశ్న: మా సొంతిల్లు కట్టి పదకొండేళ్లు. పోయిన వారం బెడ్‌రూం గుమ్మం చెక్కలో, వార్డ్‌రోబ్ అడుగున చెదలు బయటపడ్డాయి. పెస్ట్ కంట్రోల్ వాళ్లు వచ్చి చూసి ఐదేళ్ల ప్యాకేజీ చెప్పారు. అది మా ఆయన నెల జీతం కంటే ఎక్కువ. ఈరోజే ఒప్పుకుంటే డిస్కౌంట్ ఉంటుందట, ఆలస్యం చేస్తే ఇల్లంతా పాకుతాయట. ఎమర్జెన్సీ ఫండ్ అంటూ విడిగా పెట్టలేదు. క్రెడిట్ కార్డు లిమిట్ ఉందిలే అనుకున్నాం, అదేమో టూర్‌కీ కొత్త ఫ్రిజ్‌కీ నిండిపోయింది. ఒక లోన్ యాప్ పది నిమిషాల్లో డబ్బు వేస్తానంటోంది. ఏడాది గడువు, 12 శాతం ఫ్లాట్ వడ్డీ, 5 శాతం ప్రాసెసింగ్ ఫీజు. తీసుకోవచ్చా? లేక మ్యూచువల్ ఫండ్స్ అమ్మేయాలా? పాప చదువు కోసం వేసిన ఫిక్స్‌డ్ డిపాజిట్లు రెండున్నాయి, వాటిని ముట్టుకోవాలని లేదు.

జవాబు: తీసుకోవద్దమ్మా. ఆ ఒక్క మాటతో వదిలేయొచ్చు గానీ, మీ ఉత్తరంలో "క్రెడిట్ కార్డు లిమిట్ ఉందిలే" అన్న మాట నాకు వారానికి ఒకరైనా రాస్తారు, అందుకే మిగతా ఉత్తరాలు పక్కన పెట్టి మీకు జవాబిస్తున్నాను.

లిమిట్ మీ డబ్బు కాదు. బ్యాంకు తన ఇష్టం ఉన్నన్నాళ్లు మీకు ఇవ్వడానికి ఒప్పుకున్న అప్పు. దాన్ని రేపు తగ్గించొచ్చు, తీసేయొచ్చు, అదీ సరిగ్గా మీ ఇంట్లో ఉద్యోగం పోయి మీకు అవసరం పడ్డ నెలలోనే జరగొచ్చు. పైగా అది కళ్ల ముందు ఖాళీగా ఉంటే చేయి ఆగదు, మీ ఫ్రిజ్ అలా వచ్చిందే. సంపాదించేది ఒక్కరే అయిన ఇంట్లో ఆరు నెలల ఖర్చుకు సరిపడా సొమ్ము, కార్డుకూ రోజువారీ ఖాతాకూ సంబంధం లేని చోట ఉండి తీరాలి. ఇది లేకుండా పాప చదువుకు డిపాజిట్లు, ఫండ్లు అన్నీ పెట్టుకున్నారు. చదువు ఇంకా దూరం ఉంది, చెదలు గుమ్మంలోకి వచ్చేశాయి.

ఇక ఆ యాప్ లెక్క చూద్దాం. 12 శాతం ఫ్లాట్ అంటే మొత్తం అప్పు మీద ఏడాది పొడుగునా వడ్డీ. కానీ మీరు నెలనెలా అసలు కూడా కట్టేస్తూ పోతారు, ఆరో నెల వచ్చేసరికి వాళ్ల డబ్బు సగమే మీ దగ్గర ఉంటుంది, వడ్డీ మాత్రం మొత్తానికి లాగుతారు. దీన్ని తగ్గే అసలు మీద లెక్కగడితే 21 శాతం పైనే. ప్రాసెసింగ్ ఫీజు ముందే కోసుకుని 95 చేతిలో పెట్టి 100కి వడ్డీ వేస్తే 31 శాతం దాటుతుంది. పది నిమిషాల్లో ఇచ్చేవాడు ఊరికే ఇస్తాడా? ఒక కిస్తీ తప్పితే వచ్చే జరిమానాలు, ఫోన్‌లో ఉన్న నంబర్లన్నిటికీ కాల్స్ వెళ్తాయన్న భయం, ఆ టెన్షన్ వేరే. పురుగుల మందు కోసం ఇంతా?

అసలు అంత తొందర దేనికో నాకు అర్థం కాలేదు. చెదలు నెమ్మదిగా తింటాయి. మీ గుమ్మం ఈ స్థితికి రావడానికి నెలలు, బహుశా ఏళ్లే పట్టి ఉంటుంది, ఇంకో రెండు మూడు వారాలు ఆగి ముగ్గురి చేత చూపిస్తే ఇల్లేమీ కూలదు. ఈరోజుకే డిస్కౌంట్ అన్నవాడు మీరు రేపు ఇంకొకరిని అడుగుతారని భయపడుతున్నాడు, అంతే. ఈలోగా కనిపించిన మట్టి గీతల్ని చెరిపేసి, బజార్లో దొరికే స్ప్రే కొట్టి సరిపెట్టకండి. పైన కనిపించేవి చస్తాయి, మట్టిలో పుట్ట అలాగే ఉంటుంది, చూడడానికి వచ్చినవాళ్లకు దారి ఎటు నుంచి వస్తోందో తెలియకుండా పోతుంది.

ముందు ప్లంబర్‌ని పిలవండి. నిజంగానే. మట్టిలోంచి వచ్చే చెదలకు తడి కావాలి. ఆ వార్డ్‌రోబ్ గోడకు అవతల బాత్రూం ఉందేమో, పైపు కారుతోందేమో చూసుకోండి, తడి ఆపకుండా మందు పోస్తే డబ్బులు పోసినట్టే.

తర్వాత మీ చుట్టుపక్కల పనిచేసే లైసెన్స్ ఉన్న ముగ్గురిని పిలిచి, ఇల్లంతా తిరిగి చూశాకే రేటు చెప్పమనండి. ఫోన్‌లో రేటు చెప్పేవాడు వద్దు. దగ్గరివాళ్లయితే మంచిది ఎందుకంటే ఈ పని ఒక్క రోజుతో తేలదు, ఏడాదికోసారి వచ్చి చూడాలి, ఫిర్యాదు చేస్తే మళ్లీ రావాలి. ఏ మందు, ఎంత పాళ్లలో కలుపుతారు, గోడా నేలా కలిసే చోట ఎంతెంత దూరంలో రంధ్రాలు వేస్తారు, వాటిని మళ్లీ పూడుస్తారా, పాప గదిలోకి ఎన్ని గంటల తర్వాత వెళ్లొచ్చు, ఇవన్నీ కాగితం మీద రాయించుకోండి. మందు డబ్బా లేబుల్ చూపించమంటే చిరాకు పడేవాడిని మర్యాదగా పంపించేయండి.

మీరు పంపిన ప్యాకేజీ వివరాల్లో చెదలతో పాటు బొద్దింకలు, ఎలుకలు, నల్లులు, దోమలు కూడా ఉన్నాయి. మీ ఇంట్లో నల్లులున్నాయా? లేవు కదా. లేని పురుగుకు ఐదేళ్లు ముందుగా డబ్బు కట్టడం ఎందుకు. చెదల పని ఒక్కటే విడిగా అడగండి, రేటు ఎంత దిగుతుందో చూడండి. బొద్దింకలు వస్తే అప్పుడు జెల్ పెట్టించుకోవచ్చు, అది చిన్న ఖర్చు.

ఐదేళ్ల వారంటీ అన్న మాట దగ్గర ఆగి చదవండి. చాలావాటిలో దాని అర్థం, చెదలు మళ్లీ వస్తే మళ్లీ మందు కొడతాం అని మాత్రమే. తినేసిన చెక్కకు, మార్చాల్సిన వార్డ్‌రోబ్‌కు పైసా ఇవ్వరు. ఏటా తనిఖీ చేయించుకోకపోతే చెల్లదు, టైల్స్ తవ్వి మార్చినా, మందు పోసిన మట్టిని కదిపినా చెల్లదు, ఇలాంటి షరతులుంటాయి. ఇంటి ఇన్సూరెన్స్ ఉందని ధీమా పడకండి, చెదలు పట్టడాన్ని మామూలుగా అందులో కవర్ చేయరు, అది మెల్లగా జరిగే నష్టం, మెయింటెనెన్స్ కింద యజమానే చూసుకోవాలి అంటారు. అంటే ఈ ఖర్చు తిరిగి తిరిగి మీ జేబు దగ్గరికే వస్తుంది, ఆ జేబులోనేమో ఏమీ లేదు, నా బాధంతా అదే.

డబ్బు ఎక్కడినుంచి? రెండు డిపాజిట్లలో చిన్నది విరగ్గొట్టండి. వడ్డీలో కాస్త కోత పడుతుంది, ఆ కోతను యాప్ 31 శాతం పక్కన పెట్టి చూడండి. విరగ్గొట్టడం ఇష్టం లేకపోతే దాని మీదే బ్యాంకులో లోన్ అడగండి. పాప పేరు పెట్టిన డబ్బును ముట్టుకోకూడదన్న మీ మనసు అర్థమవుతుంది, కానీ డిపాజిట్‌ను పవిత్రంగా దాచి పక్కనే అంత వడ్డీకి అప్పు తెస్తే నష్టపోయేది పాపే. మ్యూచువల్ ఫండ్స్ జోలికి వెళ్లకండి, వాటికి ఇప్పుడు పని లేదు. పని ఇచ్చాక అడ్వాన్స్‌గా సగానికి మించి ఇవ్వకండి.

డిపాజిట్ తీశాక మిగిలేది మళ్లీ డిపాజిట్ చేయకండి. అదే మీ ఎమర్జెన్సీ ఫండ్‌కు మొదటి సొమ్ము. వేరే సేవింగ్స్ ఖాతా తెరిచి, దానికి డెబిట్ కార్డు తీసుకోకుండా, అందులో వేయండి. కార్డు బాకీ తీరేదాకా మ్యూచువల్ ఫండ్స్‌లో వేసే నెలవారీ మొత్తం సగం చేసి, ఆ సగం బాకీకి కట్టండి. బాకీ తీరాక అదే సగం ఆరు నెలల ఖర్చు నిండేదాకా ఈ ఖాతాకు మళ్లించండి. ఇల్లు పాతబడుతోంది కాబట్టి దానికి వేరే చిన్న డబ్బా ఉండాలి. స్థలం ధర వదిలేసి కట్టడం విలువలో ఏడాదికి 1 శాతం పక్కన పెట్టమని ఒక మోటు లెక్క ఉంది, మీకు కుదిరినంత పెట్టండి. పెయింటు, పైపులు, చెదల వాళ్ల ఏటా తనిఖీ, అన్నీ అందులోంచే. అవి వస్తాయని ముందే తెలుసు కాబట్టి ఎమర్జెన్సీ ఖాతాలోంచి తీయొద్దు.

ముగ్గురి కొటేషన్లు వచ్చాక పంపండి, చూస్తాను. ఆ యాప్‌ను మాత్రం ఇప్పుడే ఫోన్‌లోంచి తీసేయండి. తీసేముందు కాంటాక్ట్స్, ఫొటోలు చూసే అనుమతి ఇచ్చి ఉంటే అది కూడా రద్దు చేయండి.