ఊళ్లో ప్లాటుకు ఇక్కడ అప్పు చేయొచ్చా?

ప్రశ్న: అన్నా, మాది అనంతపురం దగ్గర పల్లె. డల్లాస్‌లో ఉద్యోగంలో చేరి ఏడాది కావస్తోంది. ఎడ్యుకేషన్ లోన్ ఇంకా తీరలేదు. పెనుకొండ వైపు వెంచర్‌లో ప్లాటు తీసుకోమని నాయన ఒకటే పోరు. ఇక్కడ బ్యాంకు వాళ్లు పర్సనల్ లోన్ ఇస్తామని మెయిళ్ల మీద మెయిళ్లు పంపుతున్నారు. తీసుకుని ఇంటికి పంపమంటావా?

జవాబు: వద్దు తమ్ముడూ. ప్లాటు మంచిదో చెడ్డదో తర్వాత చూద్దాం. ముందు నీ సేవింగ్స్ అకౌంట్‌లో ఎంతుందో చూసుకో. హెచ్1బీ వీసా మీద ఉన్నవాడికి ఉద్యోగం పోతే ఇంకోటి చూసుకోవడానికి మామూలుగా దొరికే గడువు 60 రోజులే. ఆ రెండు నెలల్లో అద్దె, కారు, ఇన్సూరెన్స్ ఏవీ ఆగవు, లోన్ కంతు అసలే ఆగదు. పెనుకొండలో ఉన్న ప్లాటు డల్లాస్‌లో అద్దె కట్టదు. జీతం రాకపోతే కొత్త అప్పూ పుట్టదు. మనకు అవసరం లేనప్పుడు వెంటపడిన బ్యాంకే, అవసరమైనప్పుడు పే స్టబ్ (జీతం చీటీ) చూపించమంటుంది. అందుకని ఆరు నెలల ఖర్చు చేతికందేలా పెట్టుకునేదాకా ప్లాటు మాట ఎత్తకు.

ఇక ధరల సంగతి. భూమి ధర పెరగడానికి కంపెనీలు, రోడ్లు ఎంత కారణమో, అప్పు ఎంత సులువుగా పుడుతోందన్నదీ అంతే కారణం. అమెరికాలో 2021 జనవరిలో 30 ఏళ్ల ఇంటి లోన్ వడ్డీ 2.65 శాతానికి దిగింది, 2023 అక్టోబరుకల్లా 7.8 శాతం దాకా పోయింది. 4 లక్షల డాలర్ల లోన్‌కు 3 శాతం వడ్డీ అయితే నెలకు సుమారు 1,686 డాలర్లు కట్టాలి. 7 శాతమైతే 2,661. జీతం పెరగకపోతే, అదే 1,686 కట్టగలిగినవాడికి 7 శాతం వడ్డీ మీద వచ్చే లోన్ సుమారు రెండున్నర లక్షల డాలర్లే. మరి ఇళ్ల ధరలు ఆ లెక్కన ఎందుకు కూలలేదంటావా? 3 శాతం లోన్ ఉన్నవాడు, ఇంకో ఇల్లు కొంటే 7 శాతం కట్టాలని, ఉన్న ఇల్లు అమ్మడు కాబట్టి. కొనేవాళ్లు తగ్గారు, అమ్మేవాళ్లూ తగ్గారు. ధర కూలలేదు, బేరాలే బాగా తగ్గిపోయాయి.

మన దగ్గరా అంతే. 2017లో కియా కార్ల ఫ్యాక్టరీ వస్తోందనగానే పెనుకొండ దగ్గరి ఎర్రమంచి చుట్టుపక్కల ధరలు ఎగిరిన సంగతి మీ నాయనకు నాకంటే బాగా తెలుసు. అక్కడ సెంటు ఎంత చెబుతున్నారని అడగొద్దు, గత ఏడాదిలో నిజంగా ఎన్ని ప్లాట్లు చేతులు మారాయో కనుక్కో. ఏజెంటు చెప్పే రేటు ఎప్పుడూ దిగదు. డబ్బు బిగుసుకున్నప్పుడు ఆ రేటుకు కొనేవాడు కనపడడు. నీకు అత్యవసరమై అమ్మకానికి పెడితే అప్పుడు తెలుస్తుంది అసలు ధర ఎంతో.

డాలర్లలో అప్పు చేసి రూపాయల్లో ఆస్తి కొనడంలో ఇంకో చిక్కుంది. 2020లో డాలరు 75 రూపాయల దగ్గర ఉండేది, 2025 డిసెంబరులో 90 దాటింది. అప్పుడు కొన్న ప్లాటు ఈ మధ్యలో 20 శాతం పెరిగినా డాలర్లలో లాభం సున్నా. వడ్డీ మాత్రం డాలర్లలోనే కట్టి ఉంటావు.

నిజంగా ఇంటికి పంపాలని ఉంటే ముందు మీ నాయనను ఒక్కటే అడుగు: ఊళ్లో బయటి అప్పులు ఏమైనా ఉన్నాయా? మన సీమలో శెనక్కాయ పంట పోయిన ఏడాది నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చి ఉంటారు, పిల్లలకు చెప్పరు. నెలకు రెండంటే ఏడాదికి 24 శాతం. అది తీర్చడం కంటే గ్యారంటీ లాభం ఇచ్చే ప్లాటు జిల్లా మొత్తం మీద లేదు. తర్వాత అమ్మ నగలు బ్యాంకులో ఉంటే విడిపించు. బంగారం ధర పెరిగిందని అవే నగల మీద ఇంకాస్త లోన్ తీసుకోవడం ఇప్పుడు ప్రొద్దుటూరు నుంచి ఆదోని దాకా మామూలైపోయింది. ధర పడితే బ్యాంకు తేడా కట్టమంటుంది, లేకపోతే వేలం వేస్తుంది. ఆ తర్వాత ఎడ్యుకేషన్ లోన్. అది ఫ్లోటింగ్ రేటు (మారుతూ ఉండే వడ్డీ) అయితే స్టేట్‌మెంట్ తెరిచి చూడు. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి మధ్య రిజర్వు బ్యాంకు రెపో రేటును, అంటే బ్యాంకులకు తానిచ్చే అప్పు మీద వడ్డీని, 4 నుంచి 6.5 శాతానికి పెంచింది. కంతు మారలేదని చాలామంది పట్టించుకోలేదు. కంతు బదులు గడువు సాగి ఉంటుంది. 2025లో రెపో 5.25కి దిగింది, ఆ తగ్గింపు నీ లోన్‌కు వచ్చిందో లేదో బ్యాంకును అడుగు.

ఇవన్నీ అయ్యాక, సొంత డబ్బుతోనే ప్లాటు కొంటానంటే కొను. అయితే వ్యవసాయ భూమి, తోట, ఫామ్‌హౌస్ మాత్రం ఫెమా (విదేశీ మారక చట్టం) నిబంధనల ప్రకారం ఎన్నారై కొనకూడదు, వారసత్వంగా వస్తే ఉంచుకోవచ్చు. వెంచర్ అని చెప్పి కాగితాల్లో ఇంకా పొలంగానే ఉన్నవి ఉంటాయి, చూసుకో. అమ్మేటప్పుడు కూడా ఊళ్లో ఉన్నవాడికీ నీకూ తేడా ఉంది. రెండేళ్లు దాటిన ఆస్తిని ఎన్నారై అమ్మితే కొనేవాడు 12.5 శాతం, దాని మీద సెస్సు, సర్‌ఛార్జీ లెక్కన టీడీఎస్ (డబ్బు ఇచ్చేటప్పుడే కోసే పన్ను) పట్టుకోవాలి. ఇన్‌కమ్ టాక్స్ వాళ్ల దగ్గర తక్కువ కోతకు సర్టిఫికెట్ తెచ్చుకోకపోతే ఆ కోత లాభం మీద కాకుండా మొత్తం అమ్మకం ధర మీద పడుతుంది. ఈ గొడవంతా విని, పక్క ప్లాటు ఊరివాళ్లదైతే అదే తీసుకుందామని వెళ్లిపోయే బేరగాళ్లు కూడా ఉంటారు.