అడుగుండ్రి చెప్తం: రాజధాని ఎవరిది?

పోయిన నెల కొత్త జిల్లాల గురించి రాసినప్పటి సంది ఉత్తరాలన్నీ రాజధానుల మీదనే వస్తున్నయ్. గ్రూప్స్‌కు చదివే పిల్లలు ఎక్కువ రాసిండ్రు, టీచర్లు సుత రాసిండ్రు. అన్నిటికీ జాగ లేదు గనుక కొన్ని ఏరిన.

ప్రశ్న: సార్, నేను నల్లగొండల డిగ్రీ ఫైనలియర్. ఢిల్లీకి మన దగ్గర్నుంచి రైల్ల ఒక పగలు ఒక రాత్రి పడ్తది. నడిమధ్యల ఏ నాగ్‌పూర్‌లనో రాజధాని ఎందుకు పెట్టలే? హైదరాబాద్‌ను రెండో రాజధాని చేయాలని అంబేడ్కర్ అన్నడని మా లెక్చరర్ చెప్పిండు. నిజమైతే ఇప్పుడన్న మనం గట్టిగ అడగొచ్చు గదా?

జవాబు: నిజమే తమ్ముడూ. 1955ల భాషా రాష్ట్రాల మీద రాసిన పుస్తకంల అంబేడ్కర్ ఈ మాట సాఫ్ సీదా రాసిండు. దక్షిణాదోళ్లకు ఢిల్లీ మస్తు దూరం, ఆడి చలి వీళ్లకు పడదు, సరిహద్దుకు దగ్గరుంది కాబట్టి యుద్ధమొస్తే బాంబులకు అందుతది, హైదరాబాద్ అయితే అన్ని దిక్కులకు అనుకూలం అన్నడు. మొఘలులకు ఢిల్లీతోపాటు శ్రీనగర్ ఉండె, ఇంగ్లీషోళ్లకు కలకత్తాతోపాటు సిమ్లా ఉండె, మనకెందుకు ఉండొద్దు అన్నది ఆయన వాదన.

ఇగ నడిమధ్య సంగతి. ఢిల్లీని ఎవరూ మ్యాప్ ముందటేస్కొని స్కేలుతోని కొలిచి పెట్టలే. 1911 దాకా ఇంగ్లీషోళ్ల రాజధాని కలకత్తా. 1905ల బెంగాల్‌ను రెండు ముక్కలు చేసిండ్రు, జనం ఎదురుతిరిగిండ్రు, విదేశీ బట్టలు కుప్పేసి కాలవెట్టిండ్రు, దొరలకు ఆ ఊర్ల ఉండుడే కష్టమైపోయింది. అందుకే 1911 డిసెంబర్ 12 నాడు ఢిల్లీ దర్బార్ల ఐదో జార్జి రెండు మాటలు ఒక్కసారే చెప్పిండు, బెంగాల్‌ను మల్ల కలుపుతున్నం, రాజధానిని ఢిల్లీకి మారుస్తున్నం అని. కలకత్తా నుంచి బయటపడాలె, మొఘలుల గద్దె మీద కూసున్నట్టు జనానికి కనవడాలె, అసలు లెక్క గదీ. మరి బయటపడ్డరా అంటే అదీ లేదు. ఏడాది తిరగంగనే, 1912 డిసెంబర్ 23 నాడు, వైస్రాయ్ హార్డింజ్ ఏనుగు మీద ఊరేగింపుగా కొత్త రాజధానిలకు వస్తుంటే చాందినీ చౌక్‌ల బాంబు పడ్డది, ఆయనకు గాయాలైనయ్, వెనక గొడుగు పట్టిన నౌకరు పాపం పానం ఇడిసిండు.

న్యూఢిల్లీ కట్టుడు పూర్తయ్యి 1931 ఫిబ్రవరిల ప్రారంభోత్సవం చేసేలోపల సంస్థానాల రాజులు కూడా ఆడికి ఉరికి బంగ్లాలు కట్టుకున్నరు. మన నిజాం కట్టించిన హైదరాబాద్ హౌస్ గట్ల వచ్చిందే, దాని డిజైన్ కూడా వైస్రాయ్ భవనం గీసిన లుట్యెన్స్ చేతనే గీయించిండు. ఇయ్యాల ప్రధానమంత్రి విదేశాల నుంచి వచ్చిన పెద్దమనుషులను కలిసేది ఆడనే. అధికారం యాడుంటే ఆడికి పోక తప్పదు, నిజాం అంతటోనికే తప్పలే.

నీ అసలు ప్రశ్న, మనం అడగొచ్చా అని. ఈడ నేను కుండబద్దలు కొట్టి చెప్త, రెండో రాజధాని మనకు వద్దు. అంబేడ్కర్ చెప్పిన దాంట్ల ఇంకో సగం ఉంది, దాన్ని మనోళ్లు ఎక్కువ చెప్పరు. హైదరాబాద్, సికింద్రాబాద్, బొల్లారం కలిపి వేరే చేసి కేంద్రం కింద పెట్టాలె అన్నడు. ఆయన దేశం మొత్తం లెక్క చూసిండు, తప్పు పట్టలేం, కానీ మన నల్లగొండ, పాలమూరు జిల్లాల దిక్కు నుంచి చూడు. మన పిల్లల చదువు, కూలీ, దవాఖాన, ఉద్యోగం అన్నీ ఆ పట్నంతోనే ముడిపడి ఉన్నయ్, దాన్ని తీస్కపోయి కేంద్రం చేతిల పెడితే మనకు మిగిలేదేంది? రాష్ట్రం వచ్చే ముందర హైదరాబాద్‌ను యూటీ, అంటే కేంద్రపాలిత ప్రాంతం, చేయాలన్న మాట లేస్తే మనం ఎంత గోస పడ్డమో మీ నాయినను అడుగు. ఢిల్లీనే చూడు, 1991ల 69వ రాజ్యాంగ సవరణతోని అసెంబ్లీ ఇచ్చిండ్రు గనీ పోలీసులు, శాంతిభద్రతలు, భూములు కేంద్రం చేతిలనే ఉన్నయ్. ముఖ్యమంత్రి ఉంటడు, వీధిల పోలీసు ఆయన మాట వినాల్సిన పని లేదు.

అడగాల్సింది వేరే ఉంది. రాజ్యాంగంల 130వ ఆర్టికల్ సుప్రీంకోర్టు ఢిల్లీల గానీ, రాష్ట్రపతి ఒప్పుకుంటే ప్రధాన న్యాయమూర్తి నిర్ణయించిన వేరే జాగల గానీ కూసోవచ్చు అంటది. 2009ల లా కమిషన్ సుత ఢిల్లీ, చెన్నై లేకుంటే హైదరాబాద్, కోల్‌కతా, ముంబైలల్ల బెంచ్‌లు పెట్టాలని సిఫారసు చేసింది. మన దిక్కు రైతు భూమి కేసు సుప్రీంకోర్టుకు పోతే వకీలు ఫీజు ఒకెత్తు, రానుపోను ఖర్చు, ఆడ ఉండుడు ఇంకొకెత్తు. ఇది అడిగితే మన చేతిల నుంచి ఏదీ పోదు.

ప్రశ్న: అన్నా, వాషింగ్టన్‌ల ఉండేటోళ్లకు ఓటు లేదంటరు, అది అమెరికా రాజధానే కదా, ఎట్ల సాధ్యం? (వనపర్తి నుంచి ఒక చెల్లె)

జవాబు: ఓటుంది చెల్లె, కానీ సగమే. దీనికి మూలం 1783ల ఉంది. అప్పుడు వాళ్ల కాంగ్రెస్, అంటే మన పార్లమెంటు లాంటి సభ, ఫిలడెల్ఫియాల కూసునేది. జీతాలు రాని సైనికులు వచ్చి బిల్డింగ్‌ను చుట్టుముట్టిండ్రు, ఆ ఊరున్న పెన్సిల్వేనియా రాష్ట్రమేమో మా దళాలను పంపం అన్నది, మెంబర్లు ఊరిడిసి ప్రిన్స్‌టన్‌కు పోవాల్సొచ్చింది. ఆ దెబ్బతోని, ఏ రాష్ట్రం చేతికిందా లేని జాగ కావాలె అని రాజ్యాంగంలనే రాసుకున్నరు. 1790ల బేరం కుదిరింది, యుద్ధం అప్పులు కేంద్రం నెత్తినేస్కునుడు ఉత్తరాదోళ్లకు కావాలె, రాజధాని తమ దిక్కు రావాలని దక్షిణాదోళ్ల పట్టు, ఇది నువ్వు తీస్కో అది నేను తీస్కుంట అని పోటోమాక్ నది ఒడ్డున పెట్టిండ్రు, 1800ల ఆడికి మారిండ్రు. ఆ ఊరోళ్లకు ప్రెసిడెంట్‌ను ఎన్నుకునే ఓటు 1961 సవరణతోని గానీ రాలే. ఇప్పటికీ సెనేట్‌ల ఒక్క సీటు లేదు, కింది సభల ఒక ప్రతినిధి ఉంటడు గనీ బిల్లుల మీద ఆఖరి ఓటు వెయ్యరాదు. పన్ను కడ్తున్నం, మాకు ప్రాతినిధ్యం లేదని కార్ల నంబర్ ప్లేట్ల మీదనే రాసుకొని తిరుగుతరు. నల్లగొండ తమ్మునికి నేను పైన చెప్పింది కూడా ఇదే.

ప్రశ్న: సార్, నాది అలంపూర్, రిటైర్డ్ టీచర్ను. తుంగభద్ర దాటితే కర్నూలు, ఒకప్పుడు అది రాజధాని. ఒక రాష్ట్రానికో దేశానికో రెండు మూడు రాజధానులుంటే నడుస్తదా?

జవాబు: నమస్తే సార్. మీకు తెల్వంది కాదు గనీ పిల్లల కోసం చెప్త. 1953 అక్టోబర్ 1 నాడు కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయ్యింది, బిల్డింగులు లేక గుడారాల్ల ఆఫీసులు నడిపిండ్రు. అప్పుడు మీ అలంపూర్, గద్వాల హైదరాబాద్ రాష్ట్రంల, రాయచూర్ జిల్లాల ఉండె. అంటే ఏటి ఆవలొడ్డున రాజధాని ఉన్నా అది మీది కాదు, మీ రాజధాని రెండొందల కిలోమీటర్ల దూరంల ఉండె! 1956 నవంబర్ 1 నాడు కర్నూలుకు ఆ హోదా పోయింది.

కర్నూలుకు రాజధాని ఎట్లొచ్చిందంటే 1937 శ్రీబాగ్ ఒప్పందం. కోస్తావాళ్లు పెత్తనం చేస్తరని రాయలసీమోళ్లకు అనుమానం, అందుకే రాజధాని, హైకోర్టు చెరొక దిక్కు ఉండాలె, ఏది కావాల్నో సీమవాళ్లే ఏరుకోవాలె అని రాసుకున్నరు. అందుకే హైకోర్టు గుంటూరుకు పోయింది. దక్షిణాఫ్రికాల 1910ల నాలుగు వలస రాష్ట్రాలు కలిసినప్పుడు అచ్చం ఇదే లొల్లి. ప్రిటోరియాల ప్రభుత్వం, కేప్‌టౌన్‌ల పార్లమెంటు, బ్లూమ్‌ఫాంటైన్‌ల అప్పీలు కోర్టు పెట్టుకున్నరు. ప్రిటోరియాకు కేప్‌టౌన్‌కు వెయ్యి కిలోమీటర్ల పైన దూరం, మంత్రులు, ఆఫీసర్లు తిరుగుడే తిరుగుడు. మన దేశంల చలికాలం రాజధాని జమ్మూ, ఎండకాలం రాజధాని శ్రీనగర్ మధ్య ఏడాదికి రెండుసార్లు ఫైళ్లు లారీలల్ల మోసేది, 1872 నుంచి నడిచిన పద్ధతి, 2021ల ఆపేసిండ్రు, 2025ల మల్ల షురూ చేసిండ్రు. నడుస్తదా అంటే నడుస్తది సార్, కానీ ఖర్చుతోని. ఒకరి మీద ఒకరికి నమ్మకం లేనప్పుడు ఆ ఖర్చు తప్పదు, కలిసుండుడు కావాల్నంటే అది పెట్టాల్సిందే అని నేననుకుంట.

ప్రశ్న: రాజధాని లేని దేశముందా? (మహబూబ్‌నగర్)

జవాబు: ఉంది. పసిఫిక్ సముద్రంల నౌరు. మొత్తం 21 చదరపు కిలోమీటర్లు, అధికారికంగ రాజధాని లేదు, ఆఫీసులు యారెన్ అనే జిల్లాల ఉంటయ్. ఎగ్జామ్ల యారెన్ ఆప్షన్ ఇస్తే అదే పెట్టుండ్రి.

ప్రశ్న: సార్, మా దేవరకొండ, రాచకొండ, పానగల్లు అన్నీ ఒకప్పుడు రాజధానులే అంటరు. మరి అవెందుకు ఊర్లయి మిగిలినయ్?

జవాబు: ఆ కాలంల రాజధాని అంటే రాజు, ఆయన కోట, సైన్యం, వాళ్లను నమ్ముకున్న బేరగాళ్లు. రాజు పోతే వెనకాలనే అందరు పోయేది. రేచర్ల పద్మనాయకులు 14వ శతాబ్దంల ఆమనగల్లు నుంచి రాచకొండకు మారింది గుట్టల నడుమ భద్రం అని. మీ దేవరకొండల ఆ వంశంలనే ఇంకో శాఖ కూసున్నది. 15వ శతాబ్దంల రాచకొండ బహమనీల చేతికి పోయింది, ఇగ ఆ గుట్టల మధ్యల ఉండాల్సిన అవసరం ఎవరికీ లేకుండె. శత్రువు నుంచి కాపాడిన గుట్టలే బండ్లు నడవకుండ, బేరం సాగకుండ అడ్డమైనయ్.

పానగల్లు కథ వేరే. కందూరు చోడులు ఆడ చెరువు తవ్విచ్చిండ్రు, ఉదయ సముద్రం, ఉదయ చోడుని పేరు మీద. వాళ్ల రాజ్యం పోయి ఎన్ని వందల ఏండ్లయినా చెరువు పని చేస్తనే ఉంది, ఇప్పుడు కృష్ణా నీళ్లు దాంట్లకే వస్తయ్, నల్లగొండోళ్లు తాగే నీళ్లు ఆడివే. నల్లగొండకు పోతే ఆటోల పోయేంత దగ్గర, ఒక పూట పెట్టుకోండ్రి. ఛాయా సోమేశ్వరాలయంల లింగం వెనక గోడ మీద పొద్దంత ఒకటే నీడ పడ్తది, జర సేపు నిలబడి స్తంభాల మీద వెలుతురు యాడ్నుంచి వస్తుందో చూడుండ్రి, అప్పుడు తెలుస్తది ఆ శిల్పి లెక్క. పచ్చల సోమేశ్వరాలయం పక్కన మ్యూజియంల ఉన్న రాళ్లను, శాసనాలను చూడకుండ మాత్రం రాకుండ్రి.