ఇంటికి ఏ బల్బు మంచిది? సీఎఫ్ఎల్ కొనాలా, ఎల్ఈడీ కొనాలా?

ఇంటికి ఎల్ఈడీ బల్బే మంచిది: కరెంటు తక్కువ తీసుకుంటుంది, అందులో పాదరసం ఉండదు.

పాత గుండు బల్బులో సన్నని తీగ ఎర్రగా కాలి వెలుగుతుంది. అది లాగే కరెంటులో 90 శాతానికి పైగా వేడిగానే పోతుంది. మే నెల బెజవాడలో ఆ వేడి గదికి అదనపు బరువు. సీఎఫ్ఎల్ ఆ విషయంలో చాలా నయం. కానీ దాని గొట్టంలో కొన్ని మిల్లీగ్రాముల పాదరసం ఉంటుంది. అది పగిలితే కిటికీలు తెరిచి, పిల్లల్ని బయటికి పంపి, కాసేపు ఆగాలి. ముక్కల్ని చీపురుతో ఊడవకూడదు, దుమ్ముతోపాటు పాదరసం కూడా లేస్తుంది. గట్టి అట్టముక్కతో ఎత్తి మూత బిగించిన సీసాలో వేసి, ఈ-వేస్ట్ (పాడైన ఎలక్ట్రానిక్ సామాన్లు) తీసుకునేవాళ్లకే ఇవ్వాలి. ఎల్ఈడీ పాడైనా అంతే, తడి చెత్తలోకి పోకూడదు.

గుంటూరులో ఒక ఇంటి హాల్లో 60 వాట్ల గుండు బల్బు రోజుకు 5 గంటలు వెలిగిందనుకోండి. నెలకు 9 యూనిట్లు. దాదాపు అంతే వెలుగిచ్చే 9 వాట్ల ఎల్ఈడీకి 1.35 యూనిట్లు చాలు.

వాట్లు ఎక్కువైతే వెలుగు ఎక్కువని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. వాట్లు చెప్పేది బల్బు తీసుకునే కరెంటు గురించే. వెలుగును చెప్పేవి ల్యూమెన్లు. రెండూ డబ్బా మీదే ఉంటాయి. 9 వాట్లకు 900 ల్యూమెన్లు ఇచ్చేది, 9 వాట్లకు 720 ఇచ్చేదానికన్నా మేలు. కరెంటు ఎంత ఆదా అవుతుందో నక్షత్రాల్లో చెప్పే బీఈఈ (కేంద్ర ప్రభుత్వ ఇంధన పొదుపు సంస్థ) స్టార్ లేబుల్ కూడా చూడండి.