మిషనరీ దంపతులుగా విదేశానికి వెళ్తే రోజు ఎలా గడుస్తుంది? మలావీలో మా అనుభవం

వందనాలు చెల్లీ. మీ ఆయన బైబిలు కాలేజీ ముగించారని, కావలిలో మీ సంఘం మీ ఇద్దర్నీ ఆఫ్రికా పంపాలనుకుంటోందని రాశావు. "ఆయన వాక్యం చెప్తారు సరే, పొద్దుట్నుంచి రాత్రి దాకా నేనేం చేస్తాను?" అని అడిగావు. మాది ఒంగోలు. నేనూ మా ఆయనా మలావీలో, జోంబా దగ్గర ఒక పల్లె సంఘంతో కలిసి కొన్నేళ్ళు పనిచేసి వచ్చాం. నేను కాపురం చేసిన పరాయి దేశం అదొక్కటే, కాబట్టి దాని సంగతే చెప్తాను.

మలావీలో ఎక్కువమంది క్రైస్తవులే. స్కాట్లాండు మిషనరీలు 1875లోనే అక్కడ లివింగ్‌స్టోనియా మిషన్ మొదలుపెట్టారు. మన ఒంగోలుకి అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరగారు వచ్చింది 1866లో, అంటే దాదాపు ఒకే కాలం. కాబట్టి అక్కడికి వెళ్ళేవాళ్ళు ఆ ఊరి పాస్టరు గారి కింద పనిచేయడానికే వెళ్ళాలి. మా ఆయన సండేస్కూలు టీచర్లకీ, పల్లె సంఘాల పెద్దలకీ తర్ఫీదు ఇచ్చేవారు. ఆ పని వారంలో కొన్ని రోజులే. తక్కిన బతుకంతా ఇంటి చుట్టూ, ఇరుగుపొరుగు మధ్యే. అందులో నీకు చేతినిండా పని ఉంటుంది.

తెల్లారకముందే చుట్టుపక్కల ఆడవాళ్ళు వాకిళ్ళు ఊడుస్తున్న చప్పుడు వినపడుతుంది. తర్వాత బిందెలు తీసుకుని బోరింగు దగ్గరికి. కరెంటు ఉంటే ఉన్నట్టు, లేకపోతే బొగ్గుల పొయ్యి. ఎవరైనా వస్తే తలుపు కొట్టరు, వాకిట్లో నిలబడి "ఓడీ!" అని కేకేస్తారు. ఎంత తొందర పనున్నా ముందు మంచీచెడూ అడగాలి. నేరుగా విషయంలోకి దిగితే మర్యాద తెలియదనుకుంటారు. మధ్యాహ్నం న్సిమా, అంటే తెల్ల మొక్కజొన్న పిండితో చేసే మన సంగటి లాంటిది. దానిలోకి ఆకుకూరో, ఉసిపా అనే చిన్న ఎండుచేపలో. కొత్తపట్నం నెత్తళ్ళు తిని పెరిగిన నాకు ఆ తిండి మొదటి రోజే ఒంటబట్టింది.

పక్కింటి పెద్దావిడ నాకు న్సిమా గెలకడం నేర్పింది. ముందు కొంచెం పిండి వేసి జావలా కాయాలి. అది బుడగలు వచ్చి చింది చేతిమీద పడుతుంటే గుప్పెడు గుప్పెడు పిండి వేస్తూ, గిన్నెని రెండు పాదాల మధ్య నొక్కిపట్టి చెక్క తెడ్డుతో అడుగు నుంచి తిప్పాలి. ఆవిడ నా మోచెయ్యి పట్టుకుని తిప్పించేది. తినేముందు వాళ్ళమ్మాయి మోకాళ్ళమీద కూర్చుని మా చేతులమీద నీళ్ళు పోసేది. నా చిచేవా భాష సగం ఆ పొయ్యి దగ్గరే వచ్చింది. మాటలన్నీ మన తెలుగులాగే అచ్చులతో ముగుస్తాయి గనక నోరు తేలిగ్గానే తిరుగుతుంది.

భాష గురించి గట్టిగా చెప్తున్నాను. నెల్లూరు నుంచి 1903లో జాన్ రంగయ్య గారు మిషనరీగా దక్షిణాఫ్రికాలోని నాటాల్ వెళ్ళినప్పుడు, కియర్‌స్నీ తేయాకు తోటల్లో ఆయన సేవ చేసింది మన తెలుగు కూలీల మధ్యే. మాట వాళ్ళకి ముందే కలిసింది. మనకి ఆ సౌకర్యం లేదు. చాలామంది భర్తని భాషా క్లాసుకి పంపి, భార్యని వంటింట్లో వదిలేస్తారు. ఇది అన్యాయం అంటాను నేను. ఆడవాళ్ళు తమ కష్టం ఆయనతో చెప్పుకోరు, నీతోనే చెప్పుకుంటారు. అది నీకు అర్థం కావద్దూ?

ఇంకో పెద్ద విషయం, చావు జరిగిన ఇళ్ళు. అక్కడ ఎవరు పోయినా ఊరంతా కదులుతుంది. ఆడవాళ్ళు పిండీ కట్టెలూ పట్టుకెళ్తారు, నడుముకి చిటెంజె గుడ్డ చుట్టుకుని లోపల నేలమీద పోయినవాళ్ళ బంధువుల పక్కన కూర్చుంటారు, మగవాళ్ళు బయట. రాత్రంతా పాటలు. ఓదార్పు మాటలు చెప్పనక్కర్లేదు, పక్కన కూర్చుంటే చాలు. మొదటిసారి ఒక బాలింతని పోగొట్టుకున్న ఇంట్లో తెల్లార్లూ అలా కూర్చున్నాను. మర్నాటి నుంచి బోరింగు దగ్గర నన్ను పలకరించే తీరే మారిపోయింది. ఎన్ని మీటింగులు పెట్టినా అంత దగ్గరితనం రాదు.

డిసెంబరు నుంచి మార్చి దాకా గుండె రాయి చేసుకోవాలి. గాదెల్లో పాత మొక్కజొన్న అయిపోతుంది, కొత్త పంట ఏప్రిల్‌కి గానీ రాదు. పిండి కావాలని వాకిట్లో నిలబడతారు. మేము పిండి మా గుమ్మం దగ్గర పంచకుండా సంఘ పెద్దల చేతికిచ్చేవాళ్ళం. ఎవరింట్లో పొయ్యి వెలగలేదో వాళ్ళకే తెలుసు. గుమ్మం దగ్గర ఇస్తే, అడగడానికి సిగ్గుపడే ముసలమ్మకి అందదు. అయితే చంటిబిడ్డతో వచ్చిన తల్లికి మాత్రం అప్పటికప్పుడే జావ కాచి ఇచ్చాను. అందులో ఏ నియమం పాటించలేదు, పాటించను కూడా.

డబ్బు మనవాళ్ళు రూపాయల్లో పంపుతారు, ఖర్చు క్వాచాల్లో. 2023 నవంబరులో అక్కడి రిజర్వ్ బ్యాంకు క్వాచా విలువ ఒక్కసారిగా తగ్గించింది, డాలరు ధర క్వాచాల్లో 44 శాతం పెరిగింది, అంగట్లో ధరలు పైకి పోయాయి. అలాంటి దేశంలో ఏడాది బడ్జెట్ కాయితం మీద నిలవదని సంఘ పెద్దలకి ముందే చెప్పండి. దోమతెర తప్పనిసరి. జ్వరం తగిలితే ఆ రోజే మలేరియా పరీక్ష చేయించుకోవాలి. ఇథియోపియాలోని ఆడిస్ అబాబా మీదుగా వెళ్తే ఎల్లో ఫీవర్ టీకా కనీసం పది రోజుల ముందు వేయించుకుని, సర్టిఫికెట్టు దగ్గర పెట్టుకోండి. టూరిస్టు వీసా మీద వెళ్ళి సేవ చేయొద్దు. పర్మిట్ అక్కడి సంఘం ద్వారానే అడగండి. అమ్మావాళ్ళకి ఫోను సాయంత్రం ఐదున్నర లోపే చెయ్యి, అప్పటికి ఇక్కడ తొమ్మిదవుతుంది.

మీ ఇద్దరి గురించి ఒక్కటి. అక్కడ చుట్టాలుండరు, అలిగి వెళ్ళడానికి పుట్టిల్లు ఉండదు. మేము శనివారం సాయంత్రం ఎవరికీ ఇచ్చేవాళ్ళం కాదు. ఇద్దరమే కూర్చుని తెలుగులో ప్రార్థన చేసుకుని, ఆ వారం మనసులో పెట్టుకున్నదంతా చెప్పుకునేవాళ్ళం.

ఇక సంఘ పెద్దలతో కూర్చున్నప్పుడు "అమ్మగారు కూడా వస్తారు" అనే మాటతో సరిపెట్టనివ్వొద్దు. నీకు అక్కడ ఏం పని, నీ భాషా క్లాసు ఫీజు ఎవరు కడతారు, ఆరోగ్యం బాగోకపోతే వెనక్కి వచ్చే టికెట్టు ఎవరిది, ఈ మూడూ కాయితం మీద రాయించుకో. అవి తేలాకే పాస్‌పోర్టు పని మొదలుపెట్టండి.