ఉచిత సాఫ్ట్‌వేర్‌లో పీపీటీ చేస్తే మావాడు వెనకబడతాడా?

ప్రశ్న: మా అబ్బాయి డిగ్రీ రెండో సంవత్సరం. ప్రతి సెమిస్టర్‌లో సెమినార్లు ఇవ్వాలి. వాడి స్నేహితులందరి దగ్గరా పవర్‌పాయింట్ ఉంది. మేం కొనలేక లిబ్రేఆఫీస్ వేసుకున్నాం. గూగుల్ స్లైడ్స్, కాన్వా కూడా ఉచితమే అంటున్నారు. వీటిలో ఏది నేర్చుకుంటే రేపు ఉద్యోగంలో పనికొస్తుంది? తెలిసినవాళ్లొకరు క్రాక్ చేసిన ఆఫీస్ వేసిస్తామంటున్నారు. ఇంకొకరు ఏఐతో స్లైడ్లు చేయించే కోర్సులో చేర్పించమంటున్నారు. వాడికి చదువుకే టైమ్ చాలడం లేదని ఇప్పటిదాకా పీపీటీలు నేనే చేసిపెడుతున్నాను. దయచేసి మూడింటినీ పోల్చి చెప్పండి. – ఒక తండ్రి

జవాబు: ముందు మీ బెంగ తీర్చేస్తానండీ. స్లైడ్లు ఏ సాఫ్ట్‌వేర్‌లో చేశాడన్నది చూసి ఎవరూ ఉద్యోగం ఇవ్వరు, ఇచ్చేది ఆపరు. పవర్‌పాయింట్‌లో గానీ, లిబ్రేఆఫీస్ ఇంప్రెస్‌లో గానీ, గూగుల్ స్లైడ్స్‌లో గానీ చేసే పని ఒకటే. ఒకటి చేతికి అలవాటైనవాడికి రెండోది ఒక పూట పని. బటన్ ఏ మెనూలో దాక్కుందో వెతుక్కోవడం తప్ప పెద్ద తేడా ఉండదు. ఇలాంటి ఉత్తరాలు నాకు ఏడాది పొడుగునా వస్తుంటాయి. ఒకరు ల్యాప్‌టాప్ గురించి అడుగుతారు, ఒకరు కోచింగ్ గురించి అడుగుతారు. అందరి భయమూ ఒకటే: డబ్బు పెట్టలేకపోయినందుకు పిల్లవాడు నష్టపోతాడేమోనని. ఈ ఒక్క విషయంలో నష్టపోడు. నిశ్చింతగా ఉండండి.

మీ దగ్గరున్న ఇంప్రెస్‌కి వంక పెట్టాల్సిన పనేమీ లేదు. లిబ్రేఆఫీస్ 2010లో ఓపెన్‌ఆఫీస్ అనే పాత ఉచిత సాఫ్ట్‌వేర్ నుంచి విడిపోయి వచ్చింది. ద డాక్యుమెంట్ ఫౌండేషన్ అనే లాభాపేక్ష లేని సంస్థ దాన్ని చూసుకుంటోంది. అకౌంట్ అడగదు, గడువు లేదు, నెట్ లేకపోయినా పనిచేస్తుంది. పీపీటీఎక్స్ ఫైళ్లు, అంటే పవర్‌పాయింట్‌లో చేసినవి, తెరుస్తుంది, ఆ ఫార్మాట్‌లో సేవ్ కూడా చేస్తుంది. కాకపోతే పవర్‌పాయింట్‌లో చేసిన స్మార్ట్‌ఆర్ట్ బొమ్మలు, కొన్ని యానిమేషన్లు ఇందులో ఉన్నవి ఉన్నట్టు రావు. సెమినార్‌కి వాటి అవసరం ఎంతో మీరే ఆలోచించండి.

పిల్లల్ని నిజంగా ఏడిపించేది ఫాంటు. ఇంట్లో ముచ్చటగా ఒక లైన్‌లో సర్దిన హెడ్డింగ్, సెమినార్ హాల్లో కంప్యూటర్ మీద తెరిచేసరికి రెండు లైన్లయి కింద బొమ్మ మీదికి ఎక్కుతుంది. "లిబ్రేఆఫీస్ పాడుచేసింది" అంటాడు మీవాడు. జరిగింది అది కాదు. ఆ కంప్యూటర్‌లో ఆ ఫాంటు లేదు. దాని స్థానంలో ఇంకోటి వచ్చి కూర్చుంది, దాని అక్షరాలు కాస్త వెడల్పు, అంతే. కాలిబ్రి లేనిచోట లిబ్రేఆఫీస్ కార్లిటో అనే ఫాంటు వాడుతుంది. అక్షరాల వెడల్పులు కాలిబ్రితో సరిపోయేలా గీసిన ఫాంటు అది, అందుకని లైన్లు కదలవు. ఏరియల్‌కి అలాగే లిబరేషన్ సాన్స్ ఉంది. ఎక్కడినుంచో దించుకున్న టెంప్లేట్‌తో వచ్చిన వంకీల ఫాంటుకి ఇలాంటి ఏర్పాటేదీ ఉండదు. ఇంప్రెస్‌లో ఫైల్ మెనూలోకి వెళ్లి ప్రాపర్టీస్ తెరిస్తే ఫాంట్ అనే ట్యాబ్ ఉంటుంది. అక్కడ టిక్ పెట్టి, ఇంప్రెస్ సొంత ఫార్మాట్ అయిన ఓడీపీలో సేవ్ చేస్తే ఫాంటు కూడా ఫైల్‌తో పాటే ప్రయాణం చేస్తుంది. దానికి తోడు ఒక పీడీఎఫ్ కాపీ పెన్‌డ్రైవ్‌లో ఉంచుకోవాలి. అందులో యానిమేషన్లు పోతాయి గానీ అక్షరం కదలదు. తెలుగులో స్లైడ్లు చేసేటప్పుడైతే నోటో సాన్స్ తెలుగు లాంటి యూనికోడ్ ఫాంటు తప్ప వేరేది ముట్టుకోవద్దనండి.

ఇంకో సంగతి మీవాడితో స్వయంగా చేయించండి. ఫైల్ బరువెక్కి మెయిల్‌లో వెళ్లనని మొరాయించినప్పుడు, దానికో కాపీ తీసుకుని పేరు చివర పీపీటీఎక్స్ తీసేసి జిప్ అని పెట్టి తెరవమనండి. లోపల పీపీటీ అనే ఫోల్డరు, అందులో మీడియా అనే ఫోల్డరు కనిపిస్తాయి. ఫోన్‌తో తీసిన ఫొటోలన్నీ పూర్తి సైజులో అక్కడ తిష్ఠ వేసి ఉంటాయి. స్లైడ్‌లో కత్తిరించి దాచేశామనుకున్న భాగం కూడా సాధారణంగా అందులోనే ఉంటుంది. ఆఫీసులో ఒక్కరికైనా ఇది తెలిసి ఉంటే మిగతావాళ్లంతా వాళ్ల టేబుల్ దగ్గరే చేరతారు. ఏ సర్టిఫికెట్ కోర్సులోనూ ఇది చెప్పగా నేను చూడలేదు.

గూగుల్ స్లైడ్స్ ఎప్పుడంటే, నలుగురు కలిసి చేసే ప్రాజెక్టుకి. అందరూ ఒకే ఫైల్‌లో ఒకేసారి పనిచేయొచ్చు. వెర్షన్ హిస్టరీ తెరిస్తే ఎవరు ఏం మార్చారో, ఎవరు చివరి రాత్రి వచ్చి రంగు మార్చి వెళ్లారో కనిపిస్తుంది (గ్రూపు తగాదాలు సగం దీంతో తీరతాయి). నెట్ లేనిచోట ముందుగా ఆఫ్‌లైన్ సెట్టింగ్ పెట్టుకుని ఉండకపోతే ఇబ్బంది. కాన్వా 2013లో మొదలైంది, పోస్టర్లకి బ్రహ్మాండంగా ఉంటుంది. స్లైడ్లకి నేను అంతగా సిఫారసు చేయను. బాగుందని ఎంచుకున్న బొమ్మ పక్కన కిరీటం గుర్తు ఉంటే అది డబ్బు కట్టినవాళ్లకని అర్థం. దాంట్లోంచి పీపీటీఎక్స్‌గా దించితే అమరిక చెదరడమూ మామూలే. పోలిక ఇంతే. మీరు కోరినంత పొడుగు లేదని తెలుసు, కానీ ఇంతకుమించి అక్కర్లేదు.

ఇక పవర్‌పాయింటే కావాలని మనసు పీకుతుంటే, మైక్రోసాఫ్ట్ అకౌంటు ఒకటి తెరిస్తే బ్రౌజర్‌లో పవర్‌పాయింట్ ఉచితంగానే వస్తుంది. కొన్ని సౌకర్యాలు తక్కువ, అంతే. కాలేజీ ఇచ్చిన మెయిల్ ఐడీ ఉంటే దానితో ఆఫీస్ వస్తుందేమో కూడా అడగండి, విద్యాసంస్థలకి మైక్రోసాఫ్ట్ ఉచిత ప్లాన్ ఒకటి ఇస్తుంది. ఇన్ని దారులుండగా క్రాక్ ఎందుకండీ? క్రాక్ వేసేటప్పుడు మొట్టమొదట చెప్పేది యాంటీవైరస్ ఆపేయమని. ఆ ల్యాప్‌టాప్‌లోనే మీ బ్యాంకు పాస్‌వర్డు ఉంటుంది, మీవాడి ప్రాజెక్టులుంటాయి. పైగా రేపు ఉద్యోగంలో లైసెన్సు లేని సాఫ్ట్‌వేర్ కంపెనీ మెషీన్‌లో వేస్తే ఉద్యోగానికే ఎసరు. ఆ అలవాటు ఇంట్లో తండ్రే నేర్పడం బాగుండదు.

ఏఐ కోర్సు సంగతికొస్తే, ఇక్కడ నాకు గట్టి అనుమానాలున్నాయి. ఒక పెట్టెలో టాపిక్ పేరు కొడితే నిమిషంలో పది స్లైడ్లు వస్తాయి, నిజమే. ఆ పదీ ఒకసారి తీరిగ్గా చూడండి. ప్రతి స్లైడ్‌కీ ఒక హెడ్డింగ్, మూడు బుల్లెట్లు, పక్కన ఒక ఐకాన్. క్లాసులో పదిమందివీ అదే ముఖం. మధ్యలో ఎక్కడో ఒక శాతం ఉంటుంది, చాలా ధీమాగా. "ఈ అంకె ఎక్కడిది బాబూ?" అని లెక్చరర్ అడిగితే మీవాడి దగ్గర జవాబుండదు, ఎందుకంటే అది ఎక్కడిదీ కాకపోవచ్చు. ఈ టూల్స్ అంకెలు అల్లేస్తాయి. ఉచిత వాడకానికీ హద్దులుంటాయి, సెమినార్ ముందురోజు రాత్రే అవి అయిపోతాయి. పోనీ కోర్సులో నేర్పేదేమిటి? ఆ పెట్టెలో ఏం రాయాలన్నది. ఆ టూల్ ఆర్నెల్లలో రూపం మారుస్తుంది, ఫీజు మాత్రం వెనక్కి రాదు. ఏఐని అసలే ముట్టుకోవద్దని నేననను. స్లైడ్లు తన చేత్తో పూర్తిచేశాక, "దీనిమీద నన్ను కఠినమైన ప్రశ్నలు అడుగు" అని దాన్ని వాడుకోమనండి. ఆ పనికి అది మంచి తోడు, దానికి కోర్సు అక్కర్లేదు.

స్లైడ్‌లో ఏం రాయాలి, ఏది పైన పెట్టాలి అని తేల్చుకోవడంలోనే అసలు చదువంతా ఉంది. కొలంబియా షటిల్ తెలుసు కదా, 2003 ఫిబ్రవరి 1న కల్పనా చావ్లాతో సహా ఏడుగుర్ని పోగొట్టుకున్నాం. ప్రయాణం మొదట్లోనే నురుగు ముక్క రెక్కకి తగిలింది. అది ప్రమాదమా కాదా అని తేల్చేందుకు నాసాలో చూపించిన ఒక స్లైడ్‌ని తరువాత దర్యాప్తు బోర్డు తన నివేదికలో తప్పుపట్టింది. హెడ్డింగ్ చదివితే పరవాలేదన్నట్టే ఉంటుంది. బుల్లెట్ల కింద బుల్లెట్లు దిగి అట్టడుగుకి వెళ్తే అసలు సంగతి: పరీక్షల్లో వాడిన నురుగు ముక్క 3 ఘనపు అంగుళాలు, ఇప్పుడు లెక్కలోకి వచ్చింది 1920. అంటే పాత పరీక్షలు దీనికి వర్తించవని. అది హెడ్డింగ్‌లో ఉండాల్సిన మాట. ఆ స్లైడ్ పవర్‌పాయింట్‌లో చేసిందే, డబ్బు పెట్టి కొన్నదే.

ఇప్పుడు మీ ఉత్తరంలో చివర్లో, మాటవరసకన్నట్టు రాసిన వాక్యం దగ్గరికొస్తాను. పీపీటీలు మీరే చేసిపెడుతున్నారు. కోపగించుకోకండి, కొడుక్కి ఈత రావాలని తండ్రి రోజూ చెరువులో దిగినట్టుంది ఇది. ఏది ముఖ్యం, ఏది వదిలేయాలి అని ఆలోచించింది మీరు. వాడు పొద్దున్నే పెన్‌డ్రైవ్ జేబులో వేసుకుని వెళ్లి, తెర మీది అక్షరాలు చదివి వస్తున్నాడు. టైమ్ చాలడం లేదంటున్నారు. సెమినార్ చదువులో భాగం కాకపోతే మార్కులెందుకు వేస్తున్నారండీ? మీకు వాడి మీద ప్రేమ లేదనడం లేదు. వాడు తడబడితే చూడలేకపోతున్నారు. డిగ్రీ రెండో ఏడాదిలో తడబడితే పోయేది రెండు మార్కులు. అదే తడబాటు ఇంటర్వ్యూ గదిలో మొదటిసారి ఎదురైతే పక్కన మీరుండరు.

వచ్చే సెమినార్‌కి ల్యాప్‌టాప్ వాడికే వదిలేయండి. ముందు కాగితం మీద, ఒక్కో స్లైడ్‌కి ఒక్కో పూర్తి వాక్యం రాసుకోమనండి. ఆ వాక్యమే హెడ్డింగ్ అవుతుంది. మాస్టర్ స్లైడ్‌లో ఫాంటూ రంగూ ఒక్కసారి సరిచేసుకుంటే అన్ని స్లైడ్లకీ అదే వస్తుంది, ప్రతిదాన్నీ విడిగా దిద్దనక్కర్లేదు. చెప్పాల్సిన వివరాలు కింద నోట్స్‌లో రాసుకుంటే, ప్రెజెంటర్ కన్సోల్‌లో, అంటే మాట్లాడేవాడి కోసం విడిగా వచ్చే తెరలో, అవి వాడి తెర మీద మాత్రమే కనిపిస్తాయి. మాట్లాడుతూ ఇంగ్లిష్ అక్షరం బి నొక్కితే తెర నల్లబడుతుంది, అందరి కళ్లూ వాడి మీదికి వస్తాయి. మొదట్లో భయపడతాడు, ఇంట్లో మీ ముందు నాలుగైదుసార్లు నొక్కితే అలవాటవుతుంది. మీ పని కుర్చీలో కూర్చుని వినడం, అర్థం కానిచోట అడగడం. వంకరగా ఉన్న బాక్సుని సరిచేద్దామని మౌస్ పట్టుకోవద్దు.

క్రాక్ వేసిస్తామన్నవాళ్లకి మాత్రం ఇవాళే వద్దని చెప్పేయండి.